దీవి పేరుకు పట్టా ఎవరిది?



ఈసారి మన ఏజెన్సీ సంగతి కాకుండా సముద్రాల అవతలి సంగతి ఒకటి రాస్తున్నా. "అది మనకెందుకు" అని పైకి జరిపేయకండి. కొంచెం ఓపిక పట్టి చదివితే ఎందుకో మీకే అర్థమవుతుంది.

ముందు మా సొంత గోల ఒకటి చెప్తా. నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు మా విద్యార్థి సంఘం తరఫున ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాం. కుల ధ్రువీకరణ పత్రానికి ఎక్కడ అప్లై చేయాలి, హాస్టల్ సీట్ల నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుంది, పోడు పట్టా అర్జీలో ఏమేం రాయాలి, ఇవన్నీ మన పిల్లలకు ఒకచోట దొరకాలని ఆశ. తలా యాభై, వంద వేసుకుని డబ్బులు పోగు చేశాం. టౌన్‌లో కంప్యూటర్ షాపు నడిపే ఒకతను చేసి పెట్టాడు. బాగానే చేశాడు, కాదనను. రెండేళ్ల తర్వాత రెన్యువల్ టైమొచ్చింది. అప్పుడు తెలిసింది, ఆ పేరు అతని మెయిల్ మీద, అతని ఫోన్ నంబర్ మీద రిజిస్టర్ అయి ఉందని. పేరు మా సంఘానిదే, కాగితం మాత్రం మాది కాదు. పాస్‌వర్డ్ అడిగితే ఇవాళ, రేపు అన్నాడు. తర్వాత ఒక రేటు చెప్పాడు. అంత డబ్బు మేమెక్కడ తెస్తాం? వదిలేశాం. మా అయ్యకు చెప్తే ఒక్కటే మాట అన్నాడు: "అంత చదివారు, పట్టా ఎవరి పేరు మీదుందో చూసుకోలేదేంరా?"

మాది పదిహేను మంది పిల్లల సంఘం. పోయింది ఒక చిన్న వెబ్‌సైట్. కానీ ఇదే పని ఒక దేశానికి జరిగితే?

జరిగింది. ఆ దేశం పేరు నియూ.

దక్షిణ పసిఫిక్ సముద్రంలో ఒంటరిగా ఉన్న పగడపు దీవి అది. విస్తీర్ణం దాదాపు 260 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఒక మండలమంత. ఉండేది రెండు వేల మంది లోపే. పధ్నాలుగు ఊళ్లు. చేమదుంప పండిస్తారు, చేపలు పడతారు. 1974 నుంచి తమ పాలన తామే చేసుకుంటున్నారు, న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధం ఉంది. బతుకుతెరువు కోసం వలసపోయి న్యూజిలాండ్‌లో ఉన్న నియూ బిడ్డలు దీవిలో ఉన్నవాళ్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నియూ అన్న మాటకు వాళ్ల భాషలో "ఇదిగో కొబ్బరి" అని అర్థం. అంటే ఆ నేలను, ఆ చెట్టును చూసి వాళ్ల పూర్వీకులు పెట్టుకున్న పేరు.

ఇంటర్నెట్‌లో ప్రతి దేశానికీ రెండక్షరాల పేరు ఉంటుంది. మనకు డాట్ ఇన్, బ్రిటన్‌కు డాట్ యూకే. అలాగే నియూకు డాట్ ఎన్‌యూ. ఇప్పుడు చిక్కు చూడండి. స్వీడన్ భాషలో "ను" అంటే "ఇప్పుడు" అని. డెన్మార్క్‌లో, హాలెండ్‌లో కూడా అదే అర్థం. వెబ్‌సైట్ పేరు చివర "ఇప్పుడు" అని వస్తే వ్యాపారానికి ఎంత బాగుంటుంది! పైగా ఆ రోజుల్లో స్వీడన్ సొంత డొమైన్ డాట్ ఎస్‌ఈ తీసుకోవాలంటే సవాలక్ష నిబంధనలు. వాటిని సడలించింది 2003లో. అప్పటిదాకా అక్కడి జనం డాట్ ఎన్‌యూ వెంట పడ్డారు. లక్షల పేర్లు అమ్ముడయ్యాయి.

అమ్మింది ఎవరు? నియూ వాళ్లు కాదు. 1997లో ఆ డొమైన్ ఒక అమెరికా వ్యాపారి చొరవతో రిజిస్టర్ అయింది. దీవి పేరు పెట్టుకున్న ఒక ఫౌండేషన్, దాని వెనక అమెరికాలో ఒక కంపెనీ. దీవిలో అప్పటికి ఇంటర్నెట్ అంటే ఏంటో తెలిసినవాళ్లే తక్కువ. మన తాతల కాలంలో బంజరు అని రాసుకుని సర్వే చేయించుకున్నవాళ్లు గుర్తొస్తున్నారా? నాకైతే గుర్తొచ్చారు.

నియూ ఊరుకోలేదు. 2000లో తమ సభలో చట్టం చేసింది. డాట్ ఎన్‌యూ మా జాతీయ వనరు, దాని మీద ప్రధాన అధికారం నియూ ప్రభుత్వానిదే అని రాసుకుంది. అయినా ఏం మారలేదు. 2013లో ఆ డొమైన్ నడిపే పని స్వీడన్‌లో డాట్ ఎస్‌ఈని నడిపే ఇంటర్నెట్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది. అది లాభం కోసం పెట్టిన కంపెనీ కాదు, మంచిదే. కానీ మిగులు డబ్బును ఆ సంస్థ ఖర్చుపెట్టేది స్వీడన్‌లో ఇంటర్నెట్ అభివృద్ధికి. పసిఫిక్‌లో కొబ్బరిచెట్టు పేరు, యూరప్‌లో అభివృద్ధి. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు కదా, అదే.

2018లో నియూ ప్రభుత్వం ఆ ఫౌండేషన్ మీద స్టాక్‌హోమ్ కోర్టులో కేసు వేసింది. రెండు వేల మంది లేని దేశం, ప్రపంచంలోని ధనిక దేశాల్లో ఒకదాని కోర్టు గడప ఎక్కి "మా పేరు మాకివ్వండి" అని అడిగింది.

ఇంతకీ ఒక దేశం పేరు వేరేవాళ్ల చేతికి ఎలా పోయింది? దీనికి జవాబు కావాలంటే ఈ పేర్లు ఎలా పంచారో తెలియాలి.

1980లలో ఇంటర్నెట్ చిన్నది. పేర్ల పట్టిక చూసుకున్నది అమెరికాలో జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త, ఆయనతో ఉన్న కొద్దిమంది. ఏది దేశం, ఏది కాదు అని తేల్చే పని తమది కాదని వాళ్లు ముందే అనుకున్నారు. అందుకే అప్పటికే ఉన్న ఒక అంతర్జాతీయ పట్టిక తీసుకున్నారు. ఐఎస్ఓ 3166 అంటారు దాన్ని. అందులో రెండక్షరాల కోడ్ ఉంటే చాలు, డొమైన్ వస్తుంది. ఎవరికి ఇవ్వాలి? ఎవరు ముందు అడిగితే, ఎవరికి నడపడం చేతనైతే వాళ్లకు. చాలా దేశాల్లో అది ఏదో యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరో, ఒక ల్యాబో అయింది. మన డాట్ ఇన్ కూడా 1989లో ముంబైలోని ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పరిశోధన కేంద్రం ద్వారానే మొదలైంది. యూనివర్సిటీలు, ల్యాబులు లేని చిన్న దీవుల సంగతి వచ్చేసరికి ముందు అడిగినవాడు బయటివాడయ్యాడు.

అయితే పోస్టెల్ 1994లో రాసిన నియమావళి ఒకటుంది, ఆర్ఎఫ్‌సీ 1591 అని. అందులో ఒక మంచి మాట ఉంది. డొమైన్ నడిపేవాడు యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. హక్కులు, సొంతం అనే మాటలు ఇక్కడ కుదరవు, బాధ్యత, సేవ అనేవే కుదురుతాయి అని దాని సారాంశం. ఆ దేశ ప్రజల పట్ల బాధ్యత, ప్రపంచ ఇంటర్నెట్ పట్ల బాధ్యత. 1998లో ఐకాన్ సంస్థ వచ్చాక ఈ పట్టిక దాని కిందికి వెళ్లింది. ఐకాన్‌లో ఉన్న ప్రభుత్వాల సలహా సంఘం కూడా 2000లో, మళ్లీ 2005లో, దేశ డొమైన్ విధానం మీద అంతిమ అధికారం ఆ దేశ ప్రభుత్వానిదే, ప్రజలదే అని సూత్రాలు రాసింది.

మరి రాత ఇంత బాగున్నప్పుడు చేత ఎందుకు ఇలా ఉంది? ఎందుకంటే డొమైన్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చాలంటే ఇప్పుడు పట్టుకుని ఉన్నవాడి ఒప్పుదల దాదాపు తప్పనిసరి. అతను ఒప్పుకోకపోతే ఫైలు కదలదు. అనుభవంలో ఉన్నవాడిదే పైచేయి. ఈ మాట మనకు కొత్తా? ఎల్టీఆర్ కేసులు పట్టుకుని తిరిగినవాళ్లను అడగండి. 1/70 పుస్తకంలో మనవైపే ఉంది. చేను మాత్రం అవతలివాడు దున్నుతుంటాడు, వాయిదా మీద వాయిదా పడుతుంటుంది.

ఇప్పుడు అవతలివాళ్ల మాట కూడా వినాలి. వినకుండా తిట్టడం మన పద్ధతి కాదు.

వాళ్లు చెప్పేది మూడు మాటలు. ఒకటి, ఆ రోజు దానికి విలువే లేదు, మేం పెట్టుబడి పెట్టి విలువ తెచ్చాం. రెండు, దీవికి మేం ఇచ్చాం కూడా. ఇది నిజమే. డొమైన్ డబ్బుతో 2003లో నియూ అంతటా ఉచిత వైఫై పెట్టారు, దేశమంతా ఉచిత వైఫై ఉన్న మొదటి దేశం అని ప్రపంచమంతా రాసింది. మూడు, స్వీడన్‌లో లక్షల మంది ఆ పేర్ల మీద వ్యాపారాలు, వార్తాపత్రికలు నడుపుతున్నారు, ఇప్పుడు చేతులు మారితే వాళ్ల గతేంటి?

మూడో మాటలో న్యాయం ఉంది. దానికి దారి కూడా ఉంది, కింద చెప్తా. మొదటి రెండు మాటలు మాత్రం నాకు బాగా తెలిసిన మాటలు. "ఆ కొండలో ఉన్నది మీకు తెలుసా? మేం వచ్చి తవ్వితేనే కదా బాక్సైట్ అయింది." "మీకు రోడ్డు వేశాం, బడి కట్టాం, అంబులెన్స్ ఇచ్చాం." మనం వినని మాటలా ఇవి? అంబులెన్స్ ఇస్తే కృతజ్ఞత చెప్తాం. కొండ రాసివ్వం. వైఫై ఇచ్చినవాడికి నియూ వాళ్లు థ్యాంక్స్ చెప్పొచ్చు. పేరు రాసివ్వాలని ఎక్కడుంది? అసలు లెక్క అడిగే హక్కు లేనప్పుడు అది వాటా అవదు, దానం అవుతుంది.

ఇక్కడ ఒక తేదీ గుర్తు పెట్టుకోండి. డాట్ ఎన్‌యూ రిజిస్టర్ అయింది 1997 జూన్‌లో. సరిగ్గా మరుసటి నెల, 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండలంలో ఆదివాసీ భూములను ప్రభుత్వం ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకిచ్చిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమైనా సరే గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. చట్టంలో ఉన్న "వ్యక్తి" అనే మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. అంటే ప్రభుత్వం కూడా యజమానిలా తన ఇష్టం వచ్చినట్టు ఇచ్చేయకూడదు. ఒకే వేసవి దాటి వానలు పడే లోపు, ఒకచోట భూమి విషయంలో ఈ సూత్రం నిలబడింది, ఇంకోచోట పేరు విషయంలో అదే సూత్రం జారిపోయింది.

ఇక రెండో కథ. ఇది నియూ కంటే చేదు.

మీలో కంప్యూటర్ చదివినవాళ్లకు డాట్ ఐఓ తెలిసే ఉంటుంది. స్టార్టప్‌లకు అది భలే ఇష్టం. ఇన్‌పుట్, అవుట్‌పుట్ అన్న అర్థం వస్తుంది కాబట్టి. గిట్‌హబ్‌లో మీరు ఉచితంగా పెట్టుకునే పేజీల చివర కూడా అదే ఉంటుంది. నేను కూడా ప్రాజెక్టు అందులోనే పెట్టా. అది ఎవరి పేరో అప్పుడు నాకు తెలియదు.

అది బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం పేరు. అసలు పేరు చాగోస్ దీవులు. మన దేశానికి దక్షిణంగా, మాల్దీవుల కింద ఉంటాయి. అక్కడి జనం బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ల, కూలీలుగా తెచ్చిన భారతీయుల సంతతి. కొబ్బరి తోటల్లో పనిచేస్తూ తరాల తరబడి అక్కడే ఊళ్లు కట్టుకున్నారు, సొంత క్రియోల్ భాష పెంచుకున్నారు. 1965లో బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుంచి విడగొట్టింది. 1968లో మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది, చాగోస్ మాత్రం బ్రిటన్ దగ్గరే ఉండిపోయింది. డీగో గార్సియా దీవిలో అమెరికాకు సైనిక స్థావరం కావాలి. అందుకని 1968 నుంచి 1973 వరకు దీవుల్లో ఉన్న అందరినీ ఖాళీ చేయించారు. 1,500 నుంచి 2,000 మంది. ఓడలెక్కించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దింపేశారు. వాళ్లు పెంచుకున్న కుక్కలను కూడా చంపేశారు. పోలవరం ముంపు ఊళ్లలో సామాను ట్రాక్టర్లకు ఎత్తుతుంటే ఇళ్ల దగ్గరే మిగిలిపోయిన కుక్కలను చూసినవాళ్లకు ఇది చదివితే గొంతు పట్టేస్తుంది.

ఇప్పుడు ఆ రెండక్షరాల సంగతి. ఆ కోడ్ పట్టికలోకి ఎలా వచ్చింది? చాగోస్ ప్రజలు ఉన్నందుకు కాదు. బ్రిటన్ ఆ దీవులను కోసి విడి ప్రాంతంగా చేసినందుకు. అంటే వాళ్లను వెళ్లగొట్టిన పని వల్లే ఆ పేరు పుట్టింది. 1997లో ఆ డొమైన్ ఒక బ్రిటిష్ వ్యాపారి కంపెనీకి వెళ్లింది. 2017లో ఆ కంపెనీని ఇంకో కంపెనీ 7 కోట్ల డాలర్లకు కొన్నది. తర్వాత దాన్ని మరో కంపెనీ కొన్నది. ఆ ఆదాయంలో తమకేమీ రాదని బ్రిటన్ ప్రభుత్వం చెప్పింది. చాగోస్ వాళ్లు తమ వాటా ఏదని అడిగారు. ఈ అమ్మకాల్లో ఎక్కడా వాళ్లను అడిగినవాడు లేడు.

2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయం చెప్పింది. చాగోస్‌ను విడగొట్టడం చట్టబద్ధం కాదు, బ్రిటన్ వీలైనంత త్వరగా అక్కడి పాలన ముగించాలి అని. 2024 అక్టోబర్‌లో దీవులను మారిషస్‌కు ఇస్తామని బ్రిటన్ ప్రకటించింది. 2025 మే 22న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. డీగో గార్సియా మాత్రం 99 ఏళ్ల లీజు మీద బ్రిటన్ చేతిలోనే ఉండేలా.

ఆ 2024 ప్రకటన వచ్చిన వారం నేను ఫోన్‌లో చూసిన వార్తల్లో ఎక్కువ ఏంటో తెలుసా? "డాట్ ఐఓ వెబ్‌సైట్ల గతేంటి?" ఎందుకంటే ఆ ప్రాంతం పట్టికలోంచి పోతే కోడ్ పోతుంది, కోడ్ పోతే ఐకాన్ నియమం ప్రకారం ఐదేళ్ల గడువు ఇచ్చి, అవసరమైతే ఇంకొంత పొడిగించి, డొమైన్ మూసేయాలి. స్టార్టప్‌ల భయం నాకు అర్థమవుతుంది. కానీ చూడండి, ఒక వెబ్‌సైట్ ఖాళీ చేయడానికి ఐదేళ్ల నోటీసు ఇచ్చే రూలు రాసుకున్న లోకం ఇది. చాగోస్ తల్లులకు ఎంత నోటీసు ఇచ్చారు?

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఈ ఒప్పందం ఇద్దరు ప్రభుత్వాల మధ్య జరిగింది. చాగోస్ వాళ్లలో మారిషస్ వైపు ఉన్నవాళ్లున్నారు, బ్రిటన్ వైపు ఉన్నవాళ్లున్నారు, ముందు మమ్మల్ని అడగండి అనేవాళ్లున్నారు. ఆ బల్ల దగ్గర వాళ్లకు కుర్చీ లేదు. రేపు డాట్ ఐఓ ఉండాలా పోవాలా, ఉంటే దాని డబ్బు ఎవరికి అనే చర్చ వచ్చినా, లండన్, పోర్ట్ లూయీ, కాలిఫోర్నియాల మధ్యే తేలిపోయే ప్రమాదం ఉంది.

అందుకే నేను "దేశ డొమైన్ ప్రభుత్వానికి ఇచ్చేస్తే సరిపోతుంది" అని తేలిగ్గా అనలేను. ప్రభుత్వం అంటే ప్రజలే అని మనకు ఎవరైనా చెప్తే మనం నవ్వుతాం కదా. 2002లో దక్షిణాఫ్రికాలో ప్రభుత్వం చట్టం చేసి డాట్ జెడ్‌ఏని తన కిందికి తెచ్చుకోబోతే, అప్పటిదాకా జీతం లేకుండా దాన్ని నడిపిన మనిషి కీలకమైన ఫైలును దేశం దాటించి దాచాడు. ప్రభుత్వం చేతికి పోతే ఇంటర్నెట్ ఆగుతుందేమో అని ఆయన భయం. తప్పా, ఒప్పా అని వాదించుకోవచ్చు. కానీ ఆ భయం ఊరికే పుట్టదు. పేరు చేతిలో ఉన్నవాడు నచ్చని గొంతును ఒక్క బటన్‌తో తీసేయగలడు. అది కంపెనీ అయినా అంతే, సర్కారు అయినా అంతే.

మరి ఎలా? రెండు చిన్న దీవులు దారి చూపించాయి.

ఒకటి పిట్‌కెయిర్న్. పసిఫిక్‌లోనే ఉంది, జనం యాభై మంది చొప్పున ఉంటారు. వాళ్ల డాట్ పీఎన్ కూడా వాళ్ల చేతిలో లేదు, బయటి కంపెనీ దగ్గర ఉంది. వాళ్లేం చేశారంటే, దాదాపు ఊరంతా కూర్చుని ఒక అర్జీ రాసి సంతకాలు పెట్టారు. 2000 ఫిబ్రవరిలో ఆ డొమైన్ దీవి కౌన్సిల్‌కు తిరిగి వచ్చింది. అది గ్రామసభ కాక ఇంకేంటి?

రెండోది తువాలు. తొమ్మిది చిన్న దీవులు, పదకొండు వేల మంది జనం. వాళ్ల అదృష్టం, వాళ్ల కోడ్ టీవీ. మొదట్లో వాళ్లూ తడబడ్డారు, చేసుకున్న బేరాలు తక్కువకే పోయాయి. కానీ పేరు మీద హక్కు తమ ప్రభుత్వం దగ్గరే ఉంచుకుని, నడిపే పని మాత్రం కంపెనీలకు గడువు పెట్టి ఇచ్చారు. ఆ డబ్బు ఆసరాతోనే 2000లో ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం తీసుకోగలిగారు. ఒప్పందం గడువు ముగిసినప్పుడు 2021లో పాత కంపెనీని వదిలి మెరుగైన షరతులకు కొత్త కంపెనీతో కుదుర్చుకున్నారు. అదీ తేడా. గడువు ఉన్న కౌలు వేరు, పట్టా వేరు. మన డాట్ ఇన్ కూడా అలాగే నడుస్తోంది. హక్కు నిక్సీ అనే జాతీయ సంస్థది, సాంకేతిక పని టెండర్ పాడుకున్న కంపెనీది. ఆ నిక్సీ దగ్గరే తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది.

ఇందాక వదిలేసిన స్వీడన్ వాళ్ల మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. యజమాని మారినంత మాత్రాన వెబ్‌సైట్లు కూలిపోవు. హక్కు నియూకు ఇచ్చి, నడిపే పనిని కౌలు ఒప్పందం మీద అదే ఫౌండేషన్ చేసినా చేయొచ్చు. లక్షల మంది పేర్లు అలాగే ఉంటాయి. మారేది లెక్క ఎవరికి చెప్పాలి అనేదే.

కాబట్టి నా మాట ఇది. దేశం పేరు ముందు రాసుకున్నవాడిది కాదు, ఊరికే సర్కారుది కూడా కాదు, ఆ పేరు మోస్తున్న జనానిది. నడిపేవాడు ఎవరైనా ధర్మకర్తే. నాలుగు షరతులు ఉండాలి. ఆ జనాన్ని అడిగి ఇవ్వాలి. ఏటా లెక్క వాళ్ల ముందు పెట్టాలి. వాటా దానంలా కాకుండా హక్కుగా రావాలి. గడువు అయ్యాక వద్దంటే దిగిపోవాలి. సర్కారు నడిపినా ఈ షరతులే. ఇంకొకటి, ఎవరి చేతిలో ఉన్నా, నచ్చని మాట రాశాడని కోర్టు ఆర్డర్ లేకుండా ఎవరి పేరూ తీసేయకూడదు.

"ఇది జరిగే పనేనా" అంటారా? డాట్ ఎన్‌యూ నియూ వాళ్లను అడగకుండా స్వీడన్‌కు వెళ్లిన సంవత్సరం 2013. అదే సంవత్సరం ఏప్రిల్‌లో నియమగిరి కేసులో సుప్రీంకోర్టు "గ్రామసభలను అడగండి" అంది. పన్నెండు ఊళ్లలో డోంగ్రియా కోందులు కూర్చుని, పన్నెండుకు పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. కొండ నిలబడింది. అడగడం జరిగే పనే. అడగాలన్న బుద్ధే ఉండాలి.

తువాలు గురించి ఒకటి చెప్పి ఆపుతా. సముద్రం పెరిగి ఆ దీవులు మునిగే ప్రమాదంలో ఉన్నాయి. 2022లో ఆ దేశ మంత్రి ప్రపంచ వాతావరణ సదస్సులో మాట్లాడుతూ, మా నేల పోయినా మా దేశం పోకూడదు, మా దీవులను, మా జ్ఞాపకాలను ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తున్నాం అన్నారు. ఆలోచించండి, నేల పోయిన జనానికి చివరికి మిగిలేది పేరు. ఆ పేరు పట్టా కూడా వేరేవాడి దగ్గర ఉంటే?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం ఇప్పుడు మన గోండి పాటలు, కోయ మాటలు, కువి కథలు, ఊరి మ్యాపులు అన్నీ ఫోన్లలో ఎక్కిస్తున్నాం. మంచి పని. ఒక్కటి చేయండి. మీ సంఘం పేజీ, ఛానెల్, వెబ్‌సైట్, మీ భాష పేరుతో ఉన్న యాప్, ఇవి ఎవరి మెయిల్ మీద, ఎవరి నంబర్ మీద ఉన్నాయో ఈ వారమే చూసుకోండి. ఒక్కరి పేరు మీద ఉంటే, అతను మనవాడైనా సరే, సంఘం పేరు మీదికి మార్పించండి. మీటింగ్ పెట్టి మినిట్స్ బుక్కులో రాయండి. సాయం చేసే బయటివాళ్లను గౌరవించండి, కానీ పాస్‌వర్డ్ మీ దగ్గర పెట్టుకోండి.

మా సంఘం కొత్త పేరుతో మళ్లీ వెబ్‌సైట్ పెడుతోంది. ఈసారి ఫారం నింపేటప్పుడు మా అయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాం. ఆయనకు ఇంగ్లీషు రాదు. "యజమాని పేరు" అనే గడి దగ్గరికి రాగానే మాత్రం "అక్కడ ఏం రాశావు, చదువు" అన్నాడు.

జోహార్. జల్, జంగల్, జమీన్ మనవి. పేరు కూడా మనదే.